జింక తల నుంచి సీడబ్ల్యూడీ నమూనా తీయడం ఎలా, ఫలితం వచ్చాక మంద విషయంలో ఏం చేయాలి

నవంబరు రాగానే నాకు వచ్చే ప్రశ్నలన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఆఫీసులో తోటి ఉద్యోగి జింక మాంసం ఇచ్చాడు, వండుకోవచ్చా అని ఒకరు అడుగుతారు. తొలిసారి లైసెన్సు తీసుకుని జింకను కొట్టాను, చూడటానికి నిగనిగలాడుతోంది, పరీక్ష అవసరమా అని ఇంకొకరు. పెరట్లోకి వచ్చే జింక రోజురోజుకీ ఎండిపోతోంది, ఎవరికి చెప్పాలని మరొకరు. అడిగేవారిలో విస్కాన్సిన్, ఇల్లినాయ్, మిన్నెసోటా, మిస్సోరి వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారే ఎక్కువ. పశువైద్యం చదువుకుని, కొన్ని సీజన్లుగా నమూనాలు తీసే బల్ల దగ్గర నిలబడుతున్నాను కనుక, ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే మాటలన్నీ ఇక్కడ వరుసగా రాసి పెడుతున్నాను.

ఈ వ్యాధి పేరు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్. అందరూ సీడబ్ల్యూడీ అంటారు. ప్రియాన్ అనే తప్పుగా మడతపడిన ప్రోటీను ఆరోగ్యంగా ఉన్న ప్రోటీనును కూడా తనలాగే మడతపెట్టేస్తూ పోవడం దీనికి మూలం. ఇందులో బాక్టీరియా లేదు, వైరస్ లేదు, అందువల్ల మందూ లేదు, టీకా కూడా లేదు. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం బంధించి ఉంచిన మ్యూల్ డీర్ అనే జాతి జింకలలో దీనిని మొదట గమనించారు. 1981లో అదే రాష్ట్రంలో స్వేచ్ఛగా తిరిగే ఎల్క్ అనే పెద్ద జింకలో బయటపడింది. ఇప్పుడు అమెరికాలో 30కి పైగా రాష్ట్రాలలో ఉంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మన దేశంలోని చుక్కల దుప్పులలో గాని, కణుజులలో గాని ఈ వ్యాధి ఇంతవరకు నమోదు కాలేదు. అక్కడ వాటిని వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా అమెరికాలో చట్టబద్ధంగా వేటాడేవారికి, భూమి ఉన్నవారికి, నమూనాల సేకరణలో సాయపడే స్వచ్ఛంద కార్యకర్తలకు సంబంధించినది. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు జ్ఞాపికగా జింక కొమ్ములు, తోలు సూట్‌కేసులో సర్దుకునే ఆలోచన మాత్రం మానుకోండి.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి

"చూస్తే తెలిసిపోతుంది కదా" అనేది నేను తరచుగా వినే మాట, తరచుగా తప్పయ్యే మాట కూడా. వ్యాధి సోకిన జింక ఏడాదిన్నర వరకు, ఒక్కోసారి అంతకు మించి, మామూలుగానే మేస్తుంది, పరుగెడుతుంది, జత కడుతుంది. బక్కచిక్కడం, తల వాల్చడం, చెవులు వేలాడటం, చొంగ కారడం, కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నిలబడటం, మనిషిని చూసి బెదరకపోవడం వంటివన్నీ చివరి కొద్ది వారాల నుంచి కొద్ది నెలల వరకు ఉండే లక్షణాలు. పరీక్షలో వ్యాధి బయటపడే జింకలలో అత్యధికం వేటగాడి కంటికి పూర్తిగా ఆరోగ్యంగా కనిపించినవే.

ఇక బక్కచిక్కి కనిపించిన ప్రతి జింకకూ సీడబ్ల్యూడీ ఉందనుకోవడం కూడా పొరపాటే. దవడ పుండు, మెదడులో చీముగడ్డ, మెదడు పొరలకు పట్టే నులిపురుగు, కారు గుద్దిన పాత గాయం, న్యుమోనియా, రేబిస్ కూడా జింకను ఇదే స్థితికి తెస్తాయి. వేసవి చివర్లో చెరువు గట్టున ఒకటికి మించి జింకలు చచ్చి పడి ఉంటే, దోమకన్నా చిన్నదైన ఒక రకం ఈగ కుట్టడం వల్ల వచ్చే రక్తస్రావ వ్యాధిని ముందు అనుమానించాలి. కంటితో చేయగలిగింది అనుమానించడం ఒక్కటే. తేల్చవలసింది ప్రయోగశాల.

ఏమేం కావాలి

జింక తల, దానికి అంటుకుని 3 నుంచి 5 అంగుళాల మెడ. రెండు జతల నైట్రైల్ చేతి తొడుగులు, కళ్లద్దాలు లేదా కళ్లకు అడ్డు, పొడుగు చేతుల పాత చొక్కా లేదా ప్లాస్టిక్ ఏప్రన్. పదునైన చిన్న కత్తి లేదా స్కాల్పెల్. దీనిని జింకకొక కొత్త బ్లేడు చొప్పున వాడితే మంచిది. పళ్లున్న పట్టకారు. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచులు, ఒక్కో జింకకు కనీసం రెండు. తడిసినా చెరగని కలం, పెన్సిలు, లేబుళ్లు. బల్ల మీద పరిచేందుకు మందపాటి ప్లాస్టిక్ పట్టా. ఇంట్లో వాడే బ్లీచ్, నీళ్లు, ఒక ప్లాస్టిక్ బకెట్. మంచుగడ్డలతో కూలర్.

కోయడానికి చెక్కపలక వాడవద్దు. చెక్క రంధ్రాలలోకి దిగిన కణజాలాన్ని ఏ ద్రావణమూ సరిగా చేరలేదు.

మీరే కోయడం ఇష్టం లేకపోతే దానికీ దారి ఉంది. విస్కాన్సిన్‌లో సహజ వనరుల శాఖ ఈ పరీక్షను ఉచితంగా చేస్తుంది. రోజంతా తెరిచి ఉండే స్వయం సేవా పెట్టెల దగ్గర సంచి తీసుకుని, వివరాలు నింపి, తలను సంచిలో కట్టి అక్కడే వదిలి రావచ్చు. ఇతర రాష్ట్రాలలో ఏర్పాట్లు వేరుగా ఉంటాయి, కొన్నిచోట్ల రుసుము కూడా ఉంటుంది. వేటకు బయలుదేరే ముందు రోజే మీ కౌంటీకి వర్తించే నియమం చూసుకోండి. కొట్టిన తరువాత వెతుక్కునే సమయం ఉండదు.

నమూనా తీసే క్రమం

1. ముందు లేబుల్ రాయండి, తరువాతే కత్తి పట్టండి. జింకను కొట్టిన తేదీ, కచ్చితమైన స్థలం, మగదా ఆడదా, వయసు, మీ అనుమతి సంఖ్య ఉండాలి. స్థలం అంటే కౌంటీ పేరు చాలదు. ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు రాయండి, లేదా భూమి సెక్షన్ సంఖ్య వేయండి. ఎక్కడిదో తెలియని పాజిటివ్ నమూనాతో మందకు ఒరిగేదేమీ ఉండదు.

2. వయసు దంతాలను బట్టి నిర్ణయించండి. దవడ పళ్లలో ముందు నుంచి మూడవది మూడు మొనలతో ఉంటే ఆ జింక ఇంకా సుమారు ఏడాదిన్నర లోపుదే. రెండు మొనల కొత్త పన్ను వచ్చి ఉంటే ఆ వయసు దాటింది. దవడకు ఆరు పళ్లు నిండకపోతే అది కూన. ఏడాది లోపు కూనలలో వ్యాధి బయటపడటం అరుదు కనుక చాలాచోట్ల వాటిని పరీక్షకు తీసుకోరు. కొమ్ములను చూసి వయసు చెప్పడం మాత్రం చేయవద్దు.

3. తలను తలక్రిందులుగా, గొంతు మీ వైపు పైకి వచ్చేలా పట్టా మీద పెట్టండి. కొమ్ములు అడ్డం వస్తే బల్ల అంచుకు అవతల వేలాడనివ్వండి.

4. రెండు దవడల మూలలను కలుపుతూ, నాలుక మొదలుకు, స్వరపేటికకు మధ్య అడ్డంగా ఒకే కోత పెట్టండి. పుర్రె అడుగున ఎముక తగిలేదాకా దిగాలి. భయపడి పైపైన నాలుగు కోతలు పెడితే లోపలంతా చిందరవందరై వెతకవలసిన వస్తువే తెగిపోతుంది.

5. స్వరపేటికను పట్టకారుతో పట్టుకుని మెడ వైపు లాగి, తెరుచుకున్న సందులో వేలితో తడమండి. గొంతు వెనుక గోడకు, పుర్రె అడుగు కండరాలకు మధ్య, మధ్యగీతకు రెండు పక్కలా ఒక్కొక్కటి చొప్పున, కొవ్వులో కూరుకుని జారుడుగా తగిలేవే మనకు కావలసినవి. శాస్త్రంలో వీటికి రెట్రోఫారింజియల్ లింఫ్ నోడ్స్, అంటే గొంతు వెనుక లింఫు గ్రంథులు, అని పెద్ద పేరుంది. మనకైతే బిళ్ళలు అంటే చాలు. కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, ఆ బిళ్ళకు ఇది గొంతులోని దాయాది.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి, ఎందుకంటే మొత్తం పనిలో అసలు కష్టం ఇదే. నేను నేర్చుకుంటున్న మొదటి రోజు గుడారంలో వేళ్లు కొంకర్లు పోయే చలిలో గర్వంగా రెండు ముక్కలు తీసి సంచిలో వేశాను. పక్కనున్న పెద్దామె సంచిని దీపం ముందు ఎత్తి పట్టుకుని చూసి, ఏమీ అనకుండా నాకే తిరిగి ఇచ్చింది. నేను తీసింది లాలాజల గ్రంథి. అది కూడా ఆ చుట్టుపక్కలే, ఇంకా పైపైనే, సులభంగా దొరికేచోట ఉంటుంది. రంగు కూడా కొంచెం కలుస్తుంది. అప్పుడామె రెండింటినీ అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించింది. లాలాజల గ్రంథి ఉపరితలం కాలీఫ్లవర్ లాగా, చిన్న చిన్న ముద్దల గుత్తిలా ఉంటుంది. వేళ్ల మధ్య నొక్కితే ముద్దలు విడివిడిగా తెలుస్తాయి. బిళ్ళ నున్నగా, నానబెట్టిన పెద్ద చిక్కుడు గింజలా చదునుగా, వయసొచ్చిన జింకలో 1 నుంచి 1.5 అంగుళాల పొడవు ఉంటుంది. పైన పలచని పొర ఉంటుంది. నొక్కితే గట్టిగా, ఒకే ముద్దగా ఉంటుంది.

6. తీసినది బిళ్ళేనని కోసి నిర్ధారించుకోండి. అంచున చిన్న చీలిక పెట్టి చూస్తే లోపల అంతా ఒకే తీరుగా, లేత గోధుమ లేదా బూడిద రంగులో, అంచు వెంబడి కొంచెం ముదురు చారతో కనిపించాలి. పీచులు కనిపిస్తే అది కండ. ముద్దలు కనిపిస్తే లాలాజల గ్రంథి. మెడకు గుండు తగిలిన జింకలో బిళ్ళ రక్తంతో నల్లబడి గుర్తు పట్టలేనట్టు ఉంటుంది కనుక, అప్పుడు రంగును నమ్మకుండా నునుపును, గట్టిదనాన్ని చూడండి.

7. రెండు బిళ్ళలూ తీయండి. ఒకటి దొరికితే చాలని వదిలేయవద్దు. వ్యాధి తొలి దశలో ఒక బిళ్ళలో ప్రియాన్ ఉండి రెండో దానిలో పట్టుబడనంత తక్కువగా ఉండవచ్చు. మొదటి పరీక్షలో అనుమానం వస్తే నిర్ధారణకు కణజాలం మిగిలి ఉండాలి కూడా.

8. సంచిలో గాలి తీసి మూసి, దానిని రెండో సంచిలో పెట్టి, లేబుల్‌ను రెండు సంచుల మధ్య ఉంచండి. రక్తంలో నానిన లేబుల్‌ను ఎవరూ చదవలేరు. ఒకటి రెండు రోజుల్లో చేర్చగలిగితే మంచులో పెట్టండి, లేకపోతే గడ్డకట్టించండి. ఎలైజా అనే తొలి వడపోత పరీక్షకు తాజా లేదా గడ్డకట్టిన కణజాలం కావాలి. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే నిర్ధారణ పరీక్షకు ఫార్మలిన్‌లో నిలవ చేసినది కావాలి. ప్రయోగశాల ప్రత్యేకంగా అడిగితే తప్ప మీరై మీరు ఫార్మలిన్‌లో వేయవద్దు. వేశాక ఎలైజాకు ఆ ముక్క పనికిరాదు. ఫార్మలిన్ ప్రియాన్‌ను చంపుతుందనే భ్రమ కూడా వద్దు.

9. కత్తినీ పట్టకారునూ ముందు సబ్బునీళ్లతో రుద్ది, అంటుకున్న కణజాలం ఏమాత్రం లేకుండా చేయండి. తరువాత 2 పాళ్లు బ్లీచ్, 3 పాళ్లు నీళ్లు కలిపిన ద్రావణంలో పూర్తిగా మునిగేలా కనీసం 5 నిమిషాలు ఉంచి, కడిగి ఆరబెట్టండి. 40 శాతం బ్లీచ్‌లో 5 నిమిషాలు ఉంచితే స్టెయిన్‌లెస్ స్టీలు మీది సీడబ్ల్యూడీ ప్రియాన్ నిష్క్రియమవుతుందని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు 2019లో చూపారు. అయితే ఆ ద్రావణం మాంసపు ముక్క లోపలికి దిగలేదని కూడా వారే చూపారు. అందుకే రుద్దడం ముందు, నానబెట్టడం తరువాత. ఆల్కహాల్, శానిటైజర్, వేడినీళ్లు ఇక్కడ పనిచేయవు. బ్లీచ్‌ను గాలి ఆడేచోట వాడండి, మరే శుభ్రపరిచే రసాయనంతోనూ కలపకండి.

ఎల్క్, మూస్ అయితే పద్ధతి కొంత మారుతుంది. తెల్లతోక జింకలోనూ, మ్యూల్ డీర్‌లోనూ ప్రియాన్ మెదడు కంటే ముందు బిళ్ళలలోనే కనిపిస్తుంది కనుక బిళ్ళ ఒక్కటే సరిపోతుంది. ఎల్క్‌లో మాత్రం కొన్నిసార్లు బిళ్ళలో ఏమీ లేకుండా మెదడు కాండంలో మాత్రమే దొరుకుతుంది. అప్పుడు ఓబెక్స్ అనే భాగం, అంటే మెదడు కాండం అడుగున వి ఆకారంలో ముడుచుకునేచోటు కూడా కావాలి. దానిని పుర్రె వెనుక రంధ్రం గుండా పొడుగు చెంచాతో చెదరకుండా తీయాలి. నేర్పేవారు పక్కన లేకుండా దీనికి పూనుకోవద్దని నా సలహా. తల మొత్తాన్ని కేంద్రానికి ఇచ్చేయడం మేలు. ఎండలో రెండు రోజులు పడి ఉన్న తలలో మెదడు నీరుగా మారిపోతుంది. బిళ్ళలు అంతకన్నా కొంతకాలం నిలుస్తాయి, కనుక వాసన వచ్చిందని రోడ్డు పక్క చచ్చిన జింక తలను వెంటనే పనికిరాదనుకోకండి.

మళ్లీ మళ్లీ జరిగే తప్పులు

తప్పు భాగం తీయడం గురించి పైన చెప్పాను. దాని తరువాతి స్థానం సంఖ్యలు తారుమారు కావడానిది. ఒక సాయంత్రం అన్నదమ్ములిద్దరు తెచ్చిన రెండు తలలను ఒకేసారి బల్ల మీద పెట్టుకుని పనిచేసి, ఏ సంచి ఎవరిదో చెప్పలేని స్థితికి వచ్చాను. అదృష్టవశాత్తూ రెండింటిలోనూ ఏమీ దొరకలేదు. ఒకదానిలో దొరికి ఉంటే రెండు జింకల మాంసమూ పారేయవలసి వచ్చేది. అప్పటి నుంచి బల్ల మీద ఒక తల ఉండగా రెండోది పట్టా మీదికి రానివ్వను.

మెడను మరీ దగ్గరగా కోసి తల తేవడం ఇంకో తప్పు. పుర్రెకు ఆనించి తెగ్గొడితే బిళ్ళలు మొండెంతోనో పారేసిన పేగుల కుప్పలోనో ఉండిపోతాయి. గోడకు తగిలించుకోవడానికి తలను తోలుతో సహా భద్రపరచాలనుకునేవారు, ఆ పని చేసే కళాకారుడితో ముందే మాట్లాడుకోవాలి. గొంతు కింద అడ్డంగా పెట్టే కోత ఆ తోలును పాడు చేస్తుంది.

ఫలితం రాకముందే మాంసాన్ని ఇతరుల మాంసంతో కలిపి కైమా చేయించడం మూడోది. మాంసం కోసే దుకాణంలో మీ జింకను విడిగా కోయమని, విడిగా కట్టమని స్పష్టంగా చెప్పండి. పొట్లాల మీద నమూనా సంఖ్య రాసి ఫ్రీజర్‌లో ఉంచండి. ఫలితం రావడానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా పంచిపెట్టవద్దు. ఇచ్చేవారికి మొహమాటం లేకపోయినా పుచ్చుకునేవారికి ఉంటుంది, అడగలేక వండేసుకుంటారు.

మన వంటింటికి సంబంధించిన మాట ఒకటి విడిగా చెప్పాలి. మనవైపు వేటమాంసం అంటే పొట్టేలుదో మేకదో అన్న అర్థమే కనుక, జింకను కూడా అదే తీరుగా వండాలని చూసేవారున్నారు. తలకాయ కూర, మెదడు వేపుడు, వెన్నుపూసల పులుసు జింకతో చేయవద్దు. మెదడు, వెన్నుపాము, కళ్లు, ప్లీహం, టాన్సిళ్లు, బిళ్ళలు ప్రియాన్ ఎక్కువగా చేరే భాగాలు. కుక్కర్లో పది విజిళ్లు వచ్చినా, మసాలా ఎంత దట్టించినా ప్రియాన్ చెక్కుచెదరదు. ఆసుపత్రి పరికరాలకే 134 డిగ్రీల సెల్సియస్ దగ్గర 18 నిమిషాల ఆవిరి సూచిస్తారు, మన కుక్కర్ 120 దగ్గరే ఆగిపోతుంది. వెన్నును రంపంతో కోయకుండా ఎముక నుంచి కండను విడదీసి తీసుకోండి.

ఫలితాన్ని ఎలా చదవాలి

కాగితం మీద "కనుగొనబడలేదు" అని ఉంటుంది. దీనిని "వ్యాధి లేదు" అని చదువుకోకండి. పరీక్షించిన ముక్కలో పట్టుబడేంత ప్రియాన్ లేదని మాత్రమే దాని అర్థం. నెల క్రితమే సోకి ఉంటే దొరకకపోవచ్చు. ఆహార భద్రతకు ముద్ర వేసే పరీక్ష కాదిది. అయినా ముప్పును ఇంతగా తగ్గించే సాధనం మరొకటి లేదు.

"పాజిటివ్" అని వస్తే ఆ మాంసం తినవద్దు. సీడబ్ల్యూడీ మనిషికి సోకినట్టు రుజువైన కేసు ఇంతవరకు ఒక్కటీ లేదు. అయినా అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పాజిటివ్ జంతువు మాంసం తినవద్దనే చెబుతోంది. దానికి కారణం వెతకనక్కరలేదు. 1986లో బ్రిటన్‌లో ఆవులలో గుర్తించిన ప్రియాన్ వ్యాధి మనుషులకు సోకుతోందని 1996 దాకా తేలలేదు. పాజిటివ్ మాంసాన్ని, ఎముకలను పెరట్లో పాతిపెట్టకుండా, కుక్కకు వేయకుండా, వన్యప్రాణి శాఖ చెప్పిన చోటుకు, సాధారణంగా అడుగున పొర పరిచిన చెత్త పూడిక స్థలానికి, చేర్చండి.

మంద విషయంలో ఏం చేయాలి

ఒక జింక ఫలితం మీ ఫ్రీజర్‌కు సంబంధించినది. మందను కాపాడాలంటే లెక్క వేరు. వంద ఎకరాలున్న రైతులు, వేట క్లబ్బుల వారు, కౌంటీ సలహా సంఘాలలో కూర్చునేవారు ఈ భాగాన్ని కొంచెం ఓపికగా చదవాలి.

1. ఎన్ని జింకలను పరీక్షించామో ముందు చూసుకోండి. 3 అనే అంకెను పరీక్షించిన జింకల సంఖ్యతో భాగిస్తే, ఒక్కటీ పాజిటివ్ రానప్పుడు వ్యాధి గరిష్ఠంగా ఎంత శాతం ఉండవచ్చో 95 శాతం నమ్మకంతో తెలుస్తుంది. 60 పరీక్షించి సున్నా వస్తే 5 శాతం దాకా దాగి ఉండవచ్చు. 300 పరీక్షించి సున్నా వస్తే 1 శాతం దాకా. పది జింకలు పరీక్షించి మా దగ్గర లేదని తీర్మానం చేసే సంఘాలను చూశాను. పది అంటే 30 శాతం వ్యాధి కూడా తప్పించుకోగల సంఖ్య. ఆర్కన్సాలో 2016 మొదట్లో తొలి కేసు బయటపడ్డాక ఆ చుట్టుపక్కల 266 జింకలను పరీక్షిస్తే 23 శాతంలో వ్యాధి ఉంది. అంటే ఎన్నో ఏళ్ల నుంచి అక్కడే ఉంది, ఎవరూ చాలినంతగా వెతకలేదు.

డబ్బు తక్కువగా ఉంటే యాదృచ్ఛికంగా పోగుచేయడం కన్నా, లక్షణాలున్నవాటిని, రోడ్డు మీద చచ్చినవాటిని, ముదురు మగ జింకలను ముందు పరీక్షించండి. మగవాటిలో వ్యాధి ఆడవాటి కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. వ్యాధి ఉందా లేదా తెలుసుకోవడానికి ఈ పద్ధతి మేలు. కానీ ఎంత శాతం ఉందో చెప్పడానికి ఈ లెక్కను వాడకూడదు.

2. దాణా, ఉప్పు దిమ్మలు తీసేయండి. జింకలు మూతులు కలిపి నాకేచోటే వ్యాధి చేతులు మారుతుంది. దక్షిణ మధ్య విస్కాన్సిన్‌లో వ్యాధి ఉన్న ప్రాంతంలో జింకలు ఉప్పు నాకే 11 చోట్ల మట్టిని పరీక్షిస్తే 9 చోట్ల ప్రియాన్ దొరికింది. దిమ్మ తీసినంత మాత్రాన ఆ మట్టి శుభ్రం కాదు. జింకలు ఆ గుంతలోనే నాకుతూ ఉంటాయి కనుక దానిని కంచె వేసి మూయాలి. పెరట్లో పిల్లల సరదా కోసం జింకలకు మొక్కజొన్న పోసే తెలుగు ఇళ్లు కూడా ఉన్నాయి. నొప్పించాలని కాదు, దయచేసి మానండి.

3. కళేబరాలను ఊరు దాటించకండి. కొలరాడోలో చేసిన ప్రయోగంలో, వ్యాధితో చచ్చిన జింకలు కుళ్లిపోయిన దొడ్డిలోకి సుమారు రెండేళ్ల తరువాత వదిలిన ఆరోగ్యవంతమైన జింకలకు కూడా వ్యాధి సోకింది. జింకను కొట్టిన కౌంటీలోనే విడదీసి, ఎముక లేని మాంసం, శుభ్రం చేసిన పుర్రె పై ముక్కతో సహా కొమ్ములు, తోలు మాత్రమే తీసుకెళ్లండి. దారి మధ్యలో రాష్ట్రం మారితే అక్కడి నియమమూ వర్తిస్తుంది. కాల్చి పారేస్తే పోతుందనేవారికి చెబుతున్నాను, ఇంటి వెనుక మంట చాలదు. 1000 డిగ్రీల సెల్సియస్ దాటే కొలిమి కావాలి.

4. బతికి ఉన్న జింకను, తప్పిపోయిన కూననైనా సరే, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లవద్దు. దక్షిణ కొరియాకు ఈ వ్యాధి కెనడా నుంచి దిగుమతి చేసిన ఎల్క్‌లతోనే చేరింది. జింక మూత్రంతో చేసిన వాసన ఎరలను కూడా వదిలేయండి.

5. వేట ఒత్తిడిని వ్యాధి ఉన్నచోటే పెంచండి. సంఖ్యను తగ్గించడం, అందులోనూ తిరిగే అలవాటు ఎక్కువున్న ముదురు మగవాటిని తగ్గించడం ముఖ్యం. పెద్ద కొమ్ముల కోసం మగవాటిని ఏళ్ల తరబడి వదిలే అలవాటు ఉన్న క్లబ్బులకు ఇది మింగుడు పడదని తెలుసు. ఎదురెదురుగా ఉన్న రెండు రాష్ట్రాలను చూడండి. 2002లో రెండింటా వ్యాధి బయటపడింది. ఇల్లినాయ్ ప్రభుత్వం వేట సీజను ముగిశాక పాజిటివ్ వచ్చిన స్థలాల చుట్టూనే గురి తప్పని సిబ్బందితో ఏటా కొన్ని జింకలను తీసివేస్తూ వచ్చింది, పదేళ్లపాటు వ్యాధి శాతం 1 దగ్గరే నిలిచింది. విస్కాన్సిన్ మొదట మందనే తుడిచిపెట్టాలని పెద్ద లక్ష్యం పెట్టుకుని, ప్రజల వ్యతిరేకత వచ్చి, 2007 ప్రాంతంలో వెనక్కి తగ్గింది. ఆ తరువాత శాతం పెరుగుతూ పోయి, నేడు దాని దక్షిణ భాగంలో కొన్నిచోట్ల ముదురు మగ జింకలలో మూడింట ఒకటికి మించి వ్యాధి ఉంది. నా అభిప్రాయం ఏమిటంటే, చిన్న పనిని విడవకుండా చేయడమే ఇక్కడ నెగ్గింది.

మొత్తం మందను తీసివేయడం అసాధ్యమని కాదు. నార్వేలో 2016లో నోర్డ్‌ఫ్యెల్లా కొండల్లోని అడవి రెయిన్‌డీర్‌లో వ్యాధి కనిపించగానే, 2018 వసంతానికల్లా అక్కడి 2000కు పైగా జంతువులను పూర్తిగా తీసివేసి, కొండలను ఏళ్లపాటు ఖాళీగా ఉంచారు. విడిగా ఉన్న కొండ, కొత్తగా వచ్చిన వ్యాధి, ప్రభుత్వ నిర్ణయం మూడూ కలిస్తే జరిగిన పని అది. మీ కౌంటీలో మొక్కజొన్న చేల మధ్య తిరిగే తెల్లతోక జింకలకు ఆ పద్ధతిని నకలు చేయబోతే విస్కాన్సిన్‌కు జరిగిందే జరుగుతుంది. బతికున్న జింకకు మత్తిచ్చి టాన్సిల్ ముక్క తీసి పరీక్షించే పద్ధతి కూడా ఉంది. పట్టణం నడుమ తిరిగే చిన్న మందలకు తప్ప ఖర్చు, శ్రమ భరించలేము.

పనిచేస్తోందో లేదో సరిచూసుకోవడం

ఇక్కడే పెద్దపెద్ద సంఘాలు కూడా తడబడతాయి. నిరుడు 60లో 3, ఈ ఏడు 60లో 1 వస్తే సంబరపడవద్దు. 60లో 3 అంటే పైకి 5 శాతమే, కానీ అసలు విలువ సుమారు 1 నుంచి 14 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ రెండు అంకెల మధ్య తేడా ఏమీ లేనట్టే. నిరుడు ముదురు మగవి ఎక్కువగా వచ్చి ఈ ఏడు ఏడాదిన్నర ఆడవి ఎక్కువగా వస్తే, వ్యాధి పెరుగుతుండగానే శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. అందువల్ల పోల్చేటప్పుడు అదే భూభాగం, అదే కాలం, రెండేళ్లు దాటిన మగవి మాత్రమే అన్న కొలమానాన్ని ముందే రాసి పెట్టుకుని, ఏటా దానినే పాటించి, మూడు నుంచి ఐదేళ్ల సంఖ్యలను కలిపి చూడండి. కొలరాడో 2019 ప్రణాళికలో కూడా ముదురు మగవాటిలో 5 శాతం దాటితే చర్య తప్పనిసరి అనే గీత పెట్టి, పరిశీలనకు 15 ఏళ్ల గడువు పెట్టుకున్నారు.

పాజిటివ్ వచ్చిన చోట్లను పటం మీద చుక్కలుగా పెట్టి, ఏడాదికొక రంగు వాడండి. శాతం కదలకపోయినా చుక్కలు కొత్త వాగు దాటి అవతలి లోయలోకి వచ్చాయా అన్నది ఆ పటం ముందుగా చెబుతుంది. దాటి ఉంటే మరుసటి సీజనుకు నమూనాల బల్లను ఆ లోయ మొదట్లో ఉన్న రోడ్డు కూడలికి మార్చండి.